గ్రీకు, రోమను, నార్సు పురాణగాథల పునఃకథనములు

ప్రాచీన గ్రీసు, రోము రాజ్యములయందును, ఉత్తర ఐరోపాలోని నార్సు జాతులయందును దేవతలను గూర్చియు, వీరులను గూర్చియు, సృష్టి ప్రళయములను గూర్చియు పుట్టి పెరిగిన గాథలను, వానియందలి విశ్వాసము సడలిన పిమ్మటనో, పూర్తిగా నంతరించిన పిమ్మటనో, తరువాతి రచయితలు తమ కాలపు పాఠకుల కొఱకు మరల చెప్పిన గ్రంథములను పునఃకథనము లందుము. ఈ గాథల నెఱిగినవారిలో పెక్కుమంది హోమరును గాని, హెసియడును గాని, ఐస్లాండు దేశపు ప్రాచీన పద్యములను గాని ముందుగా చదివినవారు కారు. హాథార్న్, బల్ఫించ్, కింగ్స్లీ, హామిల్టన్ మున్నగువారు చెప్పిన కథలను చిన్ననాట చదివి, ఆ త్రోవననే దేవతల పేళ్లును, వారి కలహములును, వారి కరుణయు నెఱిగినవారు. కావున పునఃకథనములను మూలమునకు నీడలని యెంచి ప్రక్కకు నెట్టుట తగదు. నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల భారతమును చదువుకొన్న తెలుగువానికి, మరల చెప్పుట తక్కువ పని కాదని వేరుగ బోధింప నక్కఱ లేదు. అయితే ఏ కథ యెవరి నోట, ఎవరి కొఱకు, ఏ కాలమున చెప్పబడినదో యెఱిగి చదివిన చదువునకును, ఎఱుగక చదివిన చదువునకును చాల భేదమున్నది.

మూలముల స్థితి

గ్రీకు పురాణమునకు ప్రామాణికమైన ఏక గ్రంథము లేదు. క్రీ.పూ. 8వ శతాబ్ది ప్రాంతమున రూపొందిన ఇలియడ్, ఒడిస్సీ కావ్యములును, క్రీ.పూ. 700 ప్రాంతమున హెసియడు రచించిన థియోగొనీ యను దేవతల వంశకథయు, హోమరు పేర ప్రచారములోనున్న దేవతాస్తోత్రములును, క్రీ.పూ. 5వ శతాబ్దమున ఏథెన్సు నగరమందు ప్రదర్శింపబడిన విషాద నాటకములును, మట్టి పాత్రలపై చిత్రకారులు వ్రాసిన బొమ్మలును కలిసి మూలమగుచున్నవి. ఇవి యొకదానితో నొకటి పలుచోట్ల విభేదించును. హెసియడు ప్రకారము అఫ్రొడైటీ సముద్రపు నురుగునుండి పుట్టినది. హోమరు ప్రకారము ఆమె జ్యూసునకును డయోనీకిని కుమార్తె. ఒడిస్సీలో కమ్మరి దేవుడైన హెఫీస్టసునకు భార్య అఫ్రొడైటీ; ఇలియడులో ఆతని యిల్లాలు కారిస్. ఇందేది సత్యమని యడుగుటకు వీలులేదు; గాథ ప్రాంతమును బట్టియు, ఆలయమును బట్టియు, పాడువాని నేర్పును బట్టియు మారుచుండెడిది. అపొలొడోరస్ పేర బరగుచున్న బిబ్లియోథికా యను గ్రంథము, క్రీ.శ. 1వ లేక 2వ శతాబ్దికి చెందినదై, ఈ చెదరిన గాథలను వంశక్రమమున నొకచోట కూర్చినది. అందు కవిత్వము వెదకినను దొరకదు. కాని తరువాతి కథకులకు అది తరుగని గని.

రోమనులకు స్వంత దేవతాకథలు స్వల్పము. వారి దేవతలకు పూజావిధానము కలదు గాని చరిత్ర లేకుండెను. గ్రీకు దేవతల చరిత్రలను తెచ్చి తమ దేవతల కంటగట్టుకొనిరి. వారికి నిజముగా స్వంతమైన గాథలు నగరనిర్మాణమునకు సంబంధించినవి: ఈనియస్ ట్రాయ్ నుండి ఇటలీకి వచ్చుట, తోడేలు పాలు ద్రావి పెరిగిన రొములస్ రీమసులు, వంతెన కడ నొంటరిగా నిలిచి శత్రుసేన నాపిన హొరేషియస్. వీనిని వర్జిలు కావ్యముగను, లివీ చరిత్రగను చెప్పిరి. ఈ కడపటి గాథను 19వ శతాబ్దమున మరల పద్యములలో చెప్పినవాడు, మన దేశపు విద్యావిధానమును మార్చిన 1835 నాటి నివేదికను వ్రాసిన మెకాలేయే. ప్రాచీన రోము గేయములు అను నా గ్రంథము 1842లో వెలువడినను, దాని యూహ తనకు నీలగిరుల క్రింది యడవిలో తోచినదనియు, పద్యములలో పెక్కింటిని ఉదకమండలమునను, బంగాళాఖాతముపై నోడ ప్రయాణమునను కట్టితిననియు ఆయనయే చెప్పుకొనెను.

ఓవిడు

పాశ్చాత్య పునఃకథకులలో ప్రథముడును, ప్రభావమున నద్వితీయుడును ఓవిడు. క్రీ.శ. 8 నాటికి పూర్తియైన ఆతని మెటమార్ఫసీస్, అనగా రూపపరివర్తనల కావ్యము, 15 ఆశ్వాసములు, ఇంచుమించు 12,000 పంక్తులు, సుమారు 250 కథలు గల మహారచన; సృష్ట్యాదిలోని అస్తవ్యస్త జగత్తుతో నారంభమై జూలియస్ సీజరు నక్షత్రమగుటతో ముగియుచున్నది. స్త్రీ చెట్టగుట, వేటకాడు లేడియగుట, నేతగత్తె సాలెపురుగగుట, శిల్పి చెక్కిన ప్రతిమ పడతియగుట మున్నగు మార్పులను దారముగా గొని, వేరువేరు ప్రాంతముల గాథలను తెగకుండ గ్రుచ్చిన యీ నేర్పునకు సాటి యరుదు. గ్రంథము ముగిసిన యేడే అగస్టస్ చక్రవర్తి ఓవిడును నల్లసముద్రపు టొడ్డునగల తొమిస్ పట్టణమునకు వెడలగొట్టెను. ఆ కవి మరల రోము నగరమును చూడలేదు.

ఓవిడు చదివినదానిని చదివినట్లు చెప్పినవాడు కాడు. హెసియడు చెప్పిన మెడూసా ముగ్గురు గోర్గను సోదరీమణులలో ఒకతె, వారిలో మరణధర్మము గలది, పుట్టుకతోనే రాక్షసి. ఓవిడు కథలో ఆమె కేశసౌందర్యమునకు పేరుపడిన కన్య. మినర్వా యాలయమున నెప్ట్యూను ఆమెను చెఱచగా, దేవత చెఱచినవానిని దండింపక, చెఱుపబడినదాని తలవెండ్రుకలను సర్పములుగా మార్చినది. పెర్సియస్ ఆ తలను నరకిన సాహసమును హెసియడు చదివిన కంటితో చూచుట యొకటి, ఓవిడు చదివిన కంటితో చూచుట వేరొకటి. తన నీడను తానే వలచిన నార్సిససు కథను, ప్రతిధ్వనిగా మిగిలిన ఎకో కథను ఒకటిగ పెనవేసినవాడును ఓవిడే యని పండితుల యభిప్రాయము. వృద్ధదంపతులైన బాసిస్ ఫిలమనులు, మారువేషమున వచ్చిన దేవతలకు తమ పేద గుడిసెలో ఆతిథ్యమిచ్చిన కథ, ప్రాచీన గ్రంథములలో ఓవిడు కావ్యమునందు మాత్రమే నిలిచినది. ఆ కాలు కుంటుపడిన బల్లయు, దాని క్రింద సమముగా నుండుటకై పెట్టిన పెంకుముక్కయు, పట్టబోగా పరుగెత్తిన బాతును నాతని కంటబడకున్నచో లోకమునకు దక్కెడివి కావు.

మధ్యయుగములలో గ్రీకు భాష పశ్చిమ ఐరోపాలో మరుగుపడగా, పురాణమన్నచో ఓవిడే యయ్యెను. క్రైస్తవ మఠముల వారు సైతము ఆతనిని విడువలేక, ప్రతి కథకును నీతిపరమైన యర్థము కల్పించి చదువుకొనిరి. 14వ శతాబ్ది తొలిభాగమున ఫ్రెంచి పద్యములలో వెలసిన నీతిబోధక ఓవిడు గ్రంథము ఇందుకు నిదర్శనము. ఇంగ్లీషులో ఆర్థర్ గోల్డింగ్ 1567లో వెలువరించిన యనువాదమును షేక్స్పియరు చదువుకొనెను. ఆతని నాటకములోని చేతిపనివారు వేసిన పిరమస్ థిస్బీల ప్రదర్శనము అందుండి పుట్టినదే.

నార్సు గాథలు: స్నోరి

గ్రీకు గాథలు వేయి నోళ్ల వచ్చినవి. నార్సు గాథలు దాదాపు ఒక ద్వీపము మీదుగా, కొలదిపాటి వ్రాతప్రతుల మీదుగా మాత్రమే మనకు చేరినవి. ఐస్లాండు ప్రజలు క్రీ.శ. 1000 ప్రాంతమున తమ మహాసభయైన ఆల్థింగునందు క్రైస్తవమును స్వీకరించిరి. అటుపై రెండు శతాబ్దములు గడచిన పిమ్మట, సుమారు 1220లో, ఆ సభకు రెండు పర్యాయములు ధర్మవక్తగా నుండిన స్నోరి స్టుర్లుసన్ వచన ఎడ్డాను రచించెను. ఆతని యుద్దేశము మతోద్ధరణము కాదు, కవిత్వ రక్షణము. ప్రాచీన కవులు వస్తువును సూటిగ చెప్పక గాథను స్ఫురింపజేయు సమాసములతో చెప్పెడివారు; బంగారమును సిఫ్ దేవి కేశపాశమనిరి, ఏలయన లోకి యను కపటి యామె జుట్టును కత్తిరింపగా మరుగుజ్జులు స్వర్ణమయమైన జుట్టును చేసి యిచ్చిరి. కథ మరచినచో పద్యము తెలియదు. పద్యము తెలియనిచో కవివిద్య నశించును. ఈ భయముననే స్నోరి కథలను వ్రాసెను.

ఆతని కథాసంవిధానము మన పురాణములు చదివినవారికి చిరపరిచితముగ దోచును. గిల్ఫి యను రాజు మారుపేరుతో దేవతల సభకేగి, ఒకదాని పైనొకటిగ నున్న మూడు సింహాసనములపై గూర్చున్న మువ్వురను ప్రశ్నించును. నైమిశారణ్యమున శౌనకాదులు సూతుని ప్రశ్నించినట్లే ప్రశ్న వెంట ప్రశ్నగా లోకసృష్టి మొదలు లోకాంతము వరకు గల కథ యంతయు వెలువడును. తాను క్రైస్తవుడు గనుక, పీఠికలో స్నోరి ఈ దేవతలను దేవతలని యంగీకరింపక, ట్రాయ్ నగరపు వైపునుండి ఉత్తరదేశములకు వలసవచ్చిన ప్రతిభావంతులైన రాజులనియు, జనులు వారిని దేవతలుగ భ్రమించిరనియు వ్రాసెను. కాని కథలోనికి ప్రవేశించిన తరువాత ఆ సంకోచము మటుమాయమగును. థోర్ దేవుడు ఉట్గార్డు కోటలో ఎదుర్కొన్న పరీక్షలను చూడుడు: ఒక కొమ్ములోని పానీయమును మూడు గుక్కలలో ముగింపలేకపోయెను, ఒక పిల్లిని నేలనుండి పైకెత్తలేక దాని పాదమొకదానిని మాత్రము కదల్పగలిగెను, ఒక ముదుసలితో కుస్తీపట్టి మోకాలూనెను. మరునాడు కోటవెలుపల రాజు రహస్యము విప్పును: ఆ కొమ్ము చివర సముద్రములో నుండెను, ఆ పిల్లి భూమిని చుట్టియున్న మహాసర్పము, ఆ ముదుసలి వార్ధక్యము. ఓటమినే మహిమగా మార్చిన యిట్టి కథ గ్రీకు పురాణములలో నాకు కనబడలేదు. హాస్యముతో నారంభమై గంభీరతలో తేలిన యీ కథనమును ఇంత విపులముగా స్నోరి యొక్కడే చెప్పెను.

ఫెన్రిర్ అను తోడేలును బంధించుటకు తీర్ దేవుడు తన చేతిని దాని నోట పణముగ నుంచి పోగొట్టుకొనుటయు, అందఱికి ప్రియుడైన బాల్డరు, లోకి కపటమున, అంధుడైన సోదరుడు విసరిన బదనిక కొమ్మ తగిలి కూలుటయు, లోకములోని సమస్తము నేడ్చినచో నాతడు మరలివచ్చునని మృత్యుదేవత మాటయియ్యగా ఒక్కతె మాత్ర మేడ్వకుండుటయు, తుదకు రగ్నరోక్ అను మహాసంగ్రామమున దేవతలే నశించుటయు నార్సు గాథలకు ప్రాణములు. ఓటమి నిశ్చయమని యెఱిగియు యుద్ధమునకు సన్నద్ధులగు దేవతలు వీరు. ఒలింపస్ దేవతలకు మరణము లేదు. కావున వారికి ధైర్యమవసరము కాలేదు. నార్సు దేవతలను గ్రీకు దేవతల తరువాత ననుబంధముగ చెప్పెడి అలవాటు పునఃకథకులలో చిరకాలము సాగినది. ఈ భేదమును గమనించినవారెవరును అట్లు చేయరాదు.

స్నోరి యాధారపడిన ప్రాచీన పద్యములలో ముఖ్యమైనవి కోడెక్స్ రీజియస్ అను 13వ శతాబ్దపు తోలుపుటల ప్రతిలో నున్నవి. ఆ ప్రతి 1643లో బ్రిన్యోల్ఫుర్ స్వేన్సన్ అను బిషపు చేతికి వచ్చినది. 1662లో డెన్మార్కు రాజునకు కానుకగా పంపబడి, మూడు శతాబ్దములు కోపెన్హేగనులో నుండి, 1971 ఏప్రిలులో ఐస్లాండునకు తిరిగి వచ్చినది. స్నోరి మాత్రము 1241లో నార్వే రాజు ప్రేరణమున తన స్వగృహమునందే హతుడయ్యెను.

పందొమ్మిదవ శతాబ్దము

బాలుర కొఱకు పురాణములు చెప్పు సంప్రదాయము 19వ శతాబ్దమున బలపడినది. జర్మనీలో గుస్టావ్ ష్వాబ్ 1838–40 మధ్య మూడు సంపుటములుగా వెలువరించిన ప్రాచీనగాథల సంకలనము అనేక తరముల జర్మను బాలురకు ఇంటిపుస్తకమైనది. అమెరికాలో నథానియల్ హాథార్న్ 1851 వేసవిలో మాసాచుసెట్స్ రాష్ట్రపు లెనాక్స్ గ్రామమున నుండగా అద్భుతగ్రంథమును, రెండేండ్లకు టాంగిల్వుడ్ కథలను రచించెను. యూస్టస్ బ్రైట్ అను విద్యార్థి పిల్లలకు కథలు చెప్పుచున్నట్లు మొదటి గ్రంథము కూర్చబడినది.

హాథార్న్ స్వేచ్ఛ అమితము. ఆ స్వేచ్ఛ కొన్నియెడల ఫలించినది, కొన్నియెడల వికటించినది. మైడాస్ రాజు తాకిన వస్తువెల్ల బంగారమగునట్లు వరము పొందిన కథను ఓవిడు చెప్పినపుడు, ఆ రాజునకు కుమార్తె లేదు; తిండియు నీరును బంగారమైపోగా నాకలితో విలపించి, పక్టోలస్ నదిలో మునిగి వరము వదల్చుకొనెను. మేరీగోల్డ్ అను చిన్నారి తండ్రిని కౌగిలించుకొని బంగారు బొమ్మయగుట హాథార్న్ కల్పన. నేడు లోకమంతటను ఆ కథ ఆ బాలికతోనే చెప్పబడుచున్నది. గ్రీకుదే యని నమ్మబడుచున్నది. కల్పన మూలమును మించిన యరుదైన సందర్భమిది. అరియాడ్నీ కథయందు మాత్రము ఆతని మార్పు మేలు చేయలేదు. తండ్రికి ద్రోహము చేసి థీసియసును చిక్కుల కోటనుండి రక్షించిన ఆ కన్యను, థీసియస్ నాక్సోస్ ద్వీపమున నిద్రించుచుండగా విడిచిపోయెనని ప్రాచీనులలో పలువురు చెప్పిరి. హాథార్న్ కథలో ఆమె ముదుసలి తండ్రిని విడువజాలక తానే క్రీటులో నిలిచిపోవును. వీరుని కృతఘ్నత తెరమరుగున పడినది.

ప్రొసర్పీనా కథ పునఃకథన చరిత్రమంతటికిని గీటురాయి. హోమరు పేరిట నున్న డిమీటరు స్తోత్రములో, కుమార్తెను పాతాళరాజు కిచ్చుటకు తండ్రియైన జ్యూసే సమ్మతించెను. తల్లి కోపమున భూమి పంటలు మానినది. బాలిక ఒక్క దానిమ్మగింజ తినిన కారణమున ఏట మూడవ పాలు పాతాళమున నుండవలసివచ్చెను. ఓవిడు కథలో వీనస్ దేవి, తన రాజ్యమును పాతాళమునకు విస్తరింపగోరి, ప్లూటోపై కుమారునిచేత బాణము వేయించును, గింజ లేడు, సంవత్సరము సగము సగముగ పంచబడును. హాథార్న్ గింజలను ఆరు చేసి, ఒక్కొక్క గింజకొక నెల యని లెక్క కుదిర్చి, ప్లూటోను ఇల్లు చిన్నబోయి పసిపిల్ల సందడి కోరిన యొంటరి మనిషిగ చిత్రించెను. అపహరణము లోని భయంకరత్వము పోయినది. తల్లి దుఃఖమునకు హేతువైన తండ్రి సమ్మతి ఓవిడు నాడే మరుగుపడి యుండెను. హాథార్న్ కాలమునకు ఆ స్తోత్రము దొరకియే యున్నది గాని, దాని వ్రాతప్రతి మాస్కో నగరమున 1777లో బయల్పడువరకు పశ్చిమదేశములకు ఈ కథ ప్రధానముగ లాటిను కవుల నోటనే వినబడినది. స్తోత్రమును చదివి హాథార్నును చదివినవారికి, బాలసాహిత్యము పేర ఏమేమి దాచబడునో యొక్కసారిగ గోచరించును.

చార్లెస్ కింగ్స్లీ 1856లో ప్రకటించిన వీరులు అను గ్రంథము, పెర్సియస్, ఆర్గొనాటులు, థీసియస్ కథలను, హాథార్న్ చనవునకు భిన్నముగ, ఉదాత్తమైన లయగల వచనమున చెప్పినది. కథలను తగ్గింపక పిల్లలనే కథల యెత్తునకు లేవనెత్తిన యీ పద్ధతి నాకు మిక్కిలి యిష్టము. అన్నీ, ఎలైజా కీరీ సోదరీమణులు 1857లో ఆస్గార్డు వీరులను వెలువరించి నార్సు దేవతలకును ఇంగ్లీషు బాలుర యిండ్లలో చోటు కల్పించిరి.

వీరందఱికంటె విస్తారముగ చదువబడినవాడు బోస్టను బ్యాంకు గుమాస్తాయైన తామస్ బల్ఫించ్. 1855లో వచ్చిన కథాయుగము అను నాతని గ్రంథమునకు లక్ష్యము స్పష్టము: లాటిను గ్రీకులు నేర్వని పాఠకులు మిల్టను, బైరను మున్నగు కవులను చదువునపుడు తటస్థించు పురాణ ప్రస్తావములను గ్రహింపవలెను. కావున ప్రతి కథకును తగిన కవితాపంక్తులను జోడించెను. ఆ గ్రంథమున హిందూ పురాణములకును ఒక యధ్యాయము కలదు: బ్రహ్మ విష్ణు శివులును, అవతారములును, జగన్నాథ పూజయు, వర్ణవ్యవస్థయు నందు కొలది పుటలలో ముగింపబడినవి. దానిని చదువు తెలుగువానికి, తాను పుట్టినది మొదలు వినుచున్న కథలు దూరదేశపు గుమాస్తా చేతిలో ఎంత పలుచనైనవో తెలియును. ఏథెన్సు పౌరుడెవడైన జీవించియుండి తక్కిన యధ్యాయములను చదివినచో నట్లే యనుకొనెడివాడు కదా! ఆ యధ్యాయమును ముందు చదివి, తరువాత గ్రీకు గాథలకు పోవుట మంచి పద్ధతి. ఎంత మిగిలినదో, ఎంత జారిపోయినదో కొలుచుకొనుటకు మనకొక కొలమానము చిక్కును.

ఇరువదవ శతాబ్దము, తరువాత

ఐర్లండు కవి పాడ్రిక్ కొలమ్ 1920లో ఓడిన్ సంతతి యను గ్రంథమున నార్సు గాథలను, విడివిడి కథలుగా గాక, రగ్నరోక్ వైపు సాగు ఒకే యితిహాసముగ చెప్పెను. ఎడిత్ హామిల్టన్ బాల్టిమోరు నగరమున బాలికల పాఠశాలకు చిరకాలము ప్రధానోపాధ్యాయినిగా నుండి, విరమించిన పిమ్మట రచనకు పూనుకొని, 1942లో మైథాలజీ గ్రంథమును ప్రకటించెను. ప్రతి కథకు ముందు తానే కవి ననుసరించినదియు, ఏల అనుసరించినదియు చెప్పుట ఆమె నియమము. పునఃకథకులలో ఇంతటి నిజాయితీ యంతకు పూర్వము లేదు. ఓవిడు నమ్మకములేని చమత్కారి యను భావమున వీలైనంతవరకు ఆతనిని విడిచెను. ఇది కొంత అన్యాయమే. నార్సు గాథలను గ్రంథాంతమున కొలది పుటలకు పరిమితము చేయుట మఱియొక లోపము. ఆమె తొంబదవయేట, 1957లో, ఏథెన్సు నగరము ఆమెను గౌరవ పౌరురాలిగ స్వీకరించెను.

రాబర్ట్ గ్రేవ్స్ 1955లో రెండు సంపుటములుగా వెలువరించిన గ్రీకు పురాణములు, కథాభాగమున నాధారములను చూపుచు మిక్కిలి సమగ్రమైనది. వ్యాఖ్యాభాగమున ప్రాచీన మాతృదేవతారాధనను గూర్చిన స్వీయసిద్ధాంతముతో నిండినది. పండితులు ఆ సిద్ధాంతమును స్వీకరింపలేదు. కథలను గ్రహించి వ్యాఖ్యలను జాగ్రత్తతో చదువవలెను. రోజర్ లాన్స్లిన్ గ్రీన్ గ్రీకు వీరులను 1958లోను, నార్సు దేవతలను 1960లోను చెప్పెను. డోలేర్ దంపతులు తమ చిత్రములతో 1962లో గ్రీకు గాథలను, 1967లో నార్సు గాథలను వెలువరించిరి. కెవిన్ క్రాస్లీ-హాలండ్ 1980 నాటి నార్సు గాథల గ్రంథము మూలమునకు సన్నిహితము. కవి టెడ్ హ్యూజ్ 1997లో ఓవిడు కథలలో 24 ఎన్నుకొని తన పద్యములుగ మలచెను. నీల్ గెయ్మన్ 2017లో స్నోరి కథలను వాడుక వచనమున మరల చెప్పెను.

తెలుగు బాలురకు హోమరును పరిచయము చేసిన యశము 1947లో మదరాసున వెలసిన చందమామ మాసపత్రికకు చాలవరకు చెందును. ఒడిస్సీ కథ అందు రూపధరుని యాత్రలుగను, ట్రాయ్ యుద్ధకథ భువనసుందరిగను ధారావాహికలై వచ్చినవి. పేళ్లు తెలుగైనను సముద్రములును, ఒంటికంటి రాక్షసుడును, కొయ్య గుఱ్ఱమును గ్రీసువే.

ఇటీవలి పునఃకథనములలో బలముగ కానవచ్చు ధోరణి, పూర్వకథకులు మౌనముగ నుంచిన స్త్రీలచేత కథ చెప్పించుట. మార్గరెట్ ఆట్వుడ్ 2005లో ఒడిస్సీయందలి పెనెలొపీ చేతను, మాడలిన్ మిల్లర్ 2018లో ఆ కావ్యమందలి సర్సీ చేతను స్వీయకథలు చెప్పించిరి. ఇది క్రొత్తగ పుట్టినది కాదు. ఓవిడు తన మహాకావ్యమునకు ముందే హెరోయిడీస్ అను లేఖాకావ్యమును వ్రాసియుండెను. అందు పెనెలొపీ ఇరువదేండ్లుగ రాని భర్తకును, చెఱపట్టబడిన బ్రిసీయిస్ అకిలీసునకును, నాక్సోస్ తీరమున మేలుకొనిన అరియాడ్నీ థీసియసునకును జాబులు వ్రాసిరి.